రాగి నాణెం చెప్పే సాక్ష్యం

ఉర్దూ అక్షరం కనబడగానే ‘ఇది పరాయి లిపి’ అని ముఖం చిట్లించే పెద్దమనుషులకు మేము ఒక రాగి నాణెం చూపదలిచాము. అది 1808 నాటి ఇరవై కాసుల నాణెం. ఈస్టిండియా కంపెనీ దానిని మదరాసు రాజధాని కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ముద్రింపించింది. దానిమీద వెల ఫార్సీలో ఉంది. ఆ కాలపు కంపెనీ వెండి ఫణాలపై ఫార్సీ, తెలుగు, తమిళం కలిసి కనిపిస్తాయి. కంపెనీకి మనపై ప్రేమ లేదు. బజారులో చెల్లాలి గనుకనే ఆ లిపి వేయించింది.

నేడు ధనమంతటికీ పేరైన ‘డబ్బు’ ఒకనాడు ఒక రాగి నాణెం పేరు. హైదరాబాదు సంస్థానంలో అది ఫార్సీ అక్షరాలతోనే రైతు మొలసంచిలోనూ, దూదేకుల సాయిబు గల్లాలోనూ గలగలలాడింది. మరి ఎవరికి ఎవరు పరాయి?

అయితే దోషం ఎదుటివారిది మాత్రమే కాదు. తాతల పెట్టెల్లోని నాణేలను పాతసామాన్లవానికి తూకానికి అమ్ముతున్నది మనమే. పిల్లలకు ఉర్దూ అక్షరాలు నేర్పనిదీ మనమే. ఉద్యోగకాలమంతా దస్త్రాల నడుమ గడిపిన మాకు ఒకటి తెలుసు: ఆధారం పోగొట్టుకున్నవాని అర్జీ నిలవదు.

కనుక ఆ నాణేలను అమ్మకండి, పిల్లలచేత చదివించండి. పాఠ్యపుస్తకాలలో వాటి బొమ్మలు ఉండాలని ప్రభుత్వాన్ని అడుగుదాం. ఇది దయాభిక్ష కాదు, ఈ నేల చరిత్రలో మన వాటా.