బదిలీకి ముందు ఇసుక పంచండి

ఉప్పునీటి అక్వేరియం ముందు నిలబడితే ఎవరి చూపయినా చేపల మీదికే పోతుంది. అడుగున తెల్లగా పరచి ఉన్న ఇసుకను ఎవరూ పట్టించుకోరు. బదిలీ ఆర్డరు వచ్చినప్పుడూ అంతే. చేపలను తీసుకోవడానికి ఎవరో ఒకరు ముందుకొస్తారు, గాజు తొట్టి అమ్ముడుపోతుంది, ఇసుక మాత్రం క్వార్టర్స్ వెనక చెత్తకుప్పలోకి చేరుతుంది. నా దృష్టిలో ఆ తొట్టిలో అన్నిటికన్నా విలువైనది ఆ ఇసుకే. చేపలను మళ్లీ కొనవచ్చు. ఉప్పు ప్యాకెట్ కొని లీటరు ఆర్‌ఓ నీటికి 35 గ్రాముల చొప్పున కలిపితే సముద్రపు నీరు తయారవుతుంది. ఏళ్ల తరబడి జీవం పోసుకున్న ఇసుక మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు.

ఇది అర్థం కావాలంటే ఢిల్లీలో అందరికీ తెలిసిన ఒక పేరుతో మొదలుపెట్టాలి. అది అమ్మోనియా. చలికాలం వస్తే యమునలో అమ్మోనియా పెరిగిందనీ, వజీరాబాద్, చంద్రావల్ ప్లాంట్లలో నీటి శుద్ధి తగ్గిందనీ వార్తల్లో వింటూనే ఉంటాం. అది సుమారు 1 పీపీఎం దాటితే ఆ ప్లాంట్లు తట్టుకోలేవు. అక్వేరియంలో చేపల మొప్పల నుంచి, వాటి విసర్జన నుంచి, తినకుండా వదిలేసిన మేత నుంచి ఇదే అమ్మోనియా పుడుతుంది. అక్కడ జల్ బోర్డు ఉండదు కదా! ఇసుక రేణువులకు అంటుకుని బతికే బ్యాక్టీరియాయే ఆ పని చేయాలి. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. గాలి అందని లోపలి పొరల్లో ఉండే మరికొన్ని ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి పైకి వదిలేస్తాయి. నైట్రోజన్ చక్రం బొమ్మను పరీక్ష కోసం గీసినవాళ్లం మనం. అది ఒక గాజు తొట్టి అడుగున నిజంగా తిరుగుతూ ఉంటుందని తెలిస్తే ఆ బొమ్మ మీద కాస్త గౌరవం పెరుగుతుంది.

కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా స్థిరపడడానికి వారాలు పడుతుంది. పాత తొట్టి నుంచి రెండు గుప్పెళ్ల ఇసుక తెచ్చి కలిపితే ఆ పని త్వరగా అవుతుంది. మనలాంటి కుటుంబాలకు ఇది కొత్త విషయం కాదు. కొత్త ఊళ్లో సామాను దింపిన మొదటి సాయంత్రం అమ్మ మనకు చిన్న గిన్నె ఇచ్చి పక్క క్వార్టర్‌కు పంపేది దేనికి? తోడుకే కదా. స్పూనెడు పెరుగు దొరికితే గిన్నెడు పాలు తోడుకుంటాయి.

అయితే పెరుగుతో పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. మంచి ఇసుకలో బ్యాక్టీరియా ఒక్కటే ఉండదు. చుక్కంత ఉండి గెంతే కోపెపాడ్‌లు, చిన్న రొయ్యల్లా కనిపించే ఆంఫిపాడ్‌లు, మిగిలిన మేతను తిని ఇసుకను గుల్లగా ఉంచే పురుగులు, రాత్రి మాత్రమే బయటికొచ్చే బుల్లి పెళుసు నక్షత్రాలు, గింజంత నత్తలు కూడా ఉంటాయి. చిక్కేమిటంటే, మూసి ఉన్న తొట్టిలో ఇవి ఏడాదికేడాది తగ్గిపోతాయి. కొన్నిటిని చేపలు తినేస్తాయి. కొన్ని మరీ తక్కువ సంఖ్యలో ఉండి సంతానం లేకుండానే పోతాయి. సముద్రంలో అయితే పక్కనుంచి కొత్తవి కొట్టుకొస్తాయి, తొట్టికి పక్క అనేది లేదు. కానీ అన్ని తొట్లలోనూ ఒకే జీవి పోదు. నోయిడాలో ఒకరింట్లో అంతరించిన పురుగు ద్వారకాలో ఇంకొకరింట్లో హాయిగా పిల్లలు పెడుతూ ఉండవచ్చు. ఇసుక పెంపకం గురించి విస్తారంగా రాసిన అమెరికా జంతుశాస్త్రవేత్త రాన్ షిమెక్ వంటివారు ఇసుకను అప్పుడప్పుడూ కొత్త జీవులతో నింపుతూ ఉండాలని చెప్పింది అందుకే. ఆసియా సింహాలన్నీ గిర్ ప్రాంతంలోనే ఉంటే ప్రమాదమని, కొన్నిటిని కూనోకు తరలించాలని సుప్రీంకోర్టు 2013లో చెప్పిందీ ఇలాంటి కారణంతోనే. (సింహాలు రాలేదు, 2022లో చీతాలు వచ్చాయి. అది వేరే కథ.)

దుకాణాల్లో జీవమున్న ఇసుక పేరుతో ప్యాకెట్లు దొరుకుతాయి కదా అంటారు. వాటిలో బ్యాక్టీరియా ఉంటే ఉండవచ్చు. నెలల తరబడి సీలు వేసిన సంచిలో కోపెపాడ్ బతకదు. ఇక సెలవులకు విశాఖ వెళ్లినప్పుడు సీసాలో బీచ్ ఇసుక తెచ్చుకోవాలనే ఆలోచన మనవాళ్లకు సులువుగా వస్తుంది. దయచేసి వద్దు. అక్వేరియాలకు వాడేది పగడాలు, గవ్వలు అరిగి ఏర్పడిన సున్నపు ఇసుక. విశాఖ, భీమిలి తీరంలోది వేరు, అందులో ఇల్మెనైట్ వంటి బరువైన ఖనిజాలు కలిసి ఉంటాయి. పైగా ఒకటిన్నర రోజు రైలు ప్రయాణంలో మూత బిగించిన సీసాలోని జీవులు చచ్చి, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. పగడాలు, వాటి రాళ్ల సంగతైతే అసలు తలచుకోకూడదు. పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే పులితో సమానం. సముద్రం నుంచి తీయడం తప్పయినప్పుడు, ఇప్పటికే ఇళ్లలో ఉన్నదాన్ని పంచుకోవడం కన్నా మంచి దారి నాకు కనిపించడం లేదు.

దీన్ని వ్యతిరేకించేవాళ్ల భయం ఉత్తది కాదు. చేపలకు తెల్లమచ్చల జబ్బు తెచ్చే పరాన్నజీవి కొన్నాళ్లు చేపను వదిలి ఇసుకలోనే గూడు కట్టుకుంటుంది. అందుకే కొందరు ఎండు రాళ్లు, సీసాలో బ్యాక్టీరియా తప్ప ఇంకేదీ తొట్టిలోకి రానివ్వరు. అంతకన్నా పెద్ద ఉదాహరణ కాలెర్పా అనే నాచు. అక్వేరియాల మధ్య చేతులు మారిన ఈ నాచు 1984లో మొనాకోలోని సముద్ర మ్యూజియం కింద చదరపు మీటరంత జాగాలో కనిపించింది. తరువాత మధ్యధరా తీరంలో చాలా చోట్లకు పాకింది. 2000లో కాలిఫోర్నియాలో కనిపిస్తే తుడిచిపెట్టడానికి ఆరేళ్లు పట్టింది. మన ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో వలలు చింపుతున్న దెయ్యం చేప కూడా మంచినీటి అక్వేరియాల్లో గాజు శుభ్రం చేయడానికి పెంచే సక్కర్ చేపే. తొట్టిలోది ఏదీ యమునలోకి గానీ, కాలువలోకి గానీ పోకూడదన్న విషయంలో నాకు రెండో మాట లేదు.

కానీ భయానికి మందు పంచుకోవడం మానడం కాదు, కొన్నాళ్లు విడిగా ఉంచి చూడడం. తెచ్చిన ఇసుకను చేపలు లేని చిన్న తొట్టిలో, అంతే ఉప్పున్న నీటిలో, గాలి బుడగలు పెట్టి రెండున్నర నెలలు ఉంచాలి. చేప దొరకక పరాన్నజీవి చస్తుంది. అక్కర్లేని నాచో, కుట్టే చిన్న అనిమోనో ఉంటే ఈలోగా బయటపడుతుంది. జబ్బు చేపలకు రాగి మందు వాడిన తొట్టి ఇసుక మాత్రం తీసుకోనే కూడదు. ఇసుకలో మిగిలిన రాగి వెన్నెముక లేని జీవులను చంపేస్తుంది.

ఇచ్చేవాళ్లు పైన ఒకటి రెండు సెంటీమీటర్ల పొర మాత్రమే తీయాలి. అడుగు పొరలను కెలికితే విషవాయువు బయటికొస్తుంది. కుళాయి నీటితో కడగకూడదు, క్లోరిన్ ఉంటుంది. వెడల్పు డబ్బాలో ఇసుక మునిగేంత ఉప్పునీరు పోసి, పైన గాలికి చోటు వదలాలి. జనవరి అయితే డబ్బాకు తువ్వాలు చుట్టాలి.

ఇదంతా సామాను లారీ గుమ్మం ముందు నిలబడ్డాక చేసే పని కాదు. తొట్టి ఏడాది నిండగానే రెండు మూడు ఇళ్లకు ఇసుక ఇచ్చి ఉంచితే, ఆర్డరు ఏ మే నెలలో వచ్చినా ఫరవాలేదు. జోధ్‌పూర్‌కో గువాహటికో వెళ్లినవాళ్లకు అక్కడ సముద్రమూ ఉండదు, ఇసుక ఇచ్చే స్నేహితుడు కూడా దొరకకపోవచ్చు. మళ్లీ ఢిల్లీ బదిలీ అయితే వాళ్ల పురుగుల మనవలు ఏదో ఒక ఇంట్లో ఉంటాయి.

ఇచ్చేటప్పుడు డబ్బా మీద ఒక చీటీ అంటించండి. తొట్టి ఎప్పుడు మొదలుపెట్టారు, ఉప్పు ఎంత, వేడి ఎంత, ఏయే మందులు వాడారు, చివరిసారి చేప ఎప్పుడు చనిపోయింది అని రాస్తే చాలు. మన టీసీలో నింపే గళ్లకన్నా తక్కువే.