పలుకునందలి బరువు



మన తెలుగును తూర్పుదేశపు ఇటాలియను భాషయని యేల యందురని యొక సోదరి జాబు వ్రాసినది. రెండు భాషలయందును మాటలు తరచుగా అచ్చులతో ముగియుటయే కారణము. కాని యీ పోలిక యెంతవరకో యెరుగక నేనొకనాడు నవ్వులపాలైతిని.

మావారి బల్లపై నొక ఇటాలియను వ్యాకరణముండెను. మా తండ్రిగారు నేర్పిన గురులఘువులున్నవి గదాయని క్రియలను బిగ్గరగా జదువబోతిని. ‘పర్ల్యామొ’ యనగా మేము మాటలాడుదుము. ‘పర్లాతె’ యనగా మీరు మాటలాడుదురు. రెంటను నొక్కు నడిమి యక్షరముపైననే యున్నది. కావున ‘వారు మాటలాడుదురు’ అనుదానిని ‘పర్లానొ’ యంటిని. మా యమ్మాయి పుస్తకములోని గుర్తును జూచి ఫక్కున నవ్వి, “కాదమ్మా! నొక్కు మొదటికే పోవలెను, పర్-ల-నొ” అన్నది.

నొక్కు తప్పిన అర్థమే తప్పును. ‘కాపితనొ’ యని మొదట నొక్కిన ‘సంభవించుచున్నవి’ యను క్రియ. ‘కపితానొ’ యని నడుమ నొక్కిన సేనానాయకుడు. వ్రాతలో నీ రెంటికిని భేదమే లేదు. నొక్కు చివరి అచ్చుపై బడినప్పుడు మాత్రము గుర్తు వేయుదురు. అప్పు డదే మాటకు ‘నాయకత్వము వహించెను’ అని యర్థము.

మరునాడు మా యమ్మాయియే తడబడినది. ‘వెద్రేమొ’ యనగా చూడగలము. ‘వెద్రెమ్మొ’ యనగా వీలున్నచో చూతుము. రెంటిని నొకటిగా జదివినది. అప్పుడు నా పాతచదువు అక్కరకు వచ్చినది. “అమ్మ యను మాటను విరిచి పలుకుము, అమ్-మ. మొదటి మకారము ముందరి యక్షరము నానుకొనును. ఇదియు నట్లే, వె-ద్రెమ్-మొ” అంటిని. వెంటనే దిద్దుకొన్నది. అయినను ‘ద్ర’కు ముందున్న ‘వె’ మనకువలె గురువు కాదు. వారు ‘ద్ర’ను విడదీయక తరువాతి యక్షరముననే చేర్తురు.

తెలుగున నొక్కుచే నర్థము మారదు, హ్రస్వదీర్ఘములచే మారును. ‘పడెను’ నగణము, ‘పాడెను’ భగణము. ఒక్క దీర్ఘము తప్పిన పాడినవాడు పడినవా డగును! కడపలో నుద్యోగము చేసిన బ్రౌను దొర పరదేశీయుడయ్యు మన గురులఘువులను నేర్చి, 1827లో తెలుగు ఛందస్సుపై నింగ్లీషున గ్రంథము ప్రకటించెను. మన బిడ్డలకు మనము నేర్పలేమా?

మా మంత్రాలయమున తుంగభద్ర యావలిగట్టు కన్నడసీమ. ఇచటి పిల్లల చెవులకు రెండు భాషలు నలవాటే. చెవి యున్నచోట చదువు నిలుచును. బడి యెరుగని తల్లియైనను వంటచేయుచునే బిడ్డచేత మాటను విరిపించి, అక్షరమున కొక్క చప్పట్లు చొప్పున కొట్టించి చదివింపవచ్చును. బిడ్డ నవ్విన నవ్వనిండు. తల్లి నేర్పవలసినది యింకను మిగిలియే యుండును.