కీలే కీలకం

ఆరుబయట వ్యాయామ పరికరాలకు ‘కీళ్ల’ జబ్బు
పైపు మందం కొలుస్తున్నారు.. బేరింగు ఊసెత్తడం లేదు
బోరింగు పిడి నేర్పిన పాఠం పట్టదా?

లక్షల రూపాయలు వెచ్చించి ఏర్పాటు చేసిన ఓపెన్ జిమ్ పరికరాలు కొద్దికాలానికే అలంకారప్రాయంగా మిగలడం పట్టణాల్లోనూ, పల్లెల్లోనూ తరచూ కనిపించే దృశ్యమే. స్తంభాలు నిటారుగానే ఉంటాయి. రంగు కూడా పెద్దగా వెలిసిపోదు. ఎయిర్ వాకర్ ఎక్కితే మాత్రం ఒక కాలి పలక ఊగుతుంది, రెండోది మొరాయిస్తుంది. నడుము తిప్పే ట్విస్టర్ పళ్లెం ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. నాసిరకం సామగ్రి వేశారని స్థానికులు, జనం సక్రమంగా వాడటం లేదని అధికారులు పరస్పరం వేలెత్తి చూపుకోవడం మామూలైపోయింది. రెండు వాదనల్లోనూ కొంత నిజముంది. అయితే పరికరం ముందుగా చెడేది ఎక్కడో ఇరుపక్షాలూ చెప్పవు. కదిలే భాగం కదలని భాగాన్ని కలిసే చోట, అంటే కీలు దగ్గరే జబ్బు మొదలవుతుంది. కీలెరిగి వాత పెట్టాలన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ తరహా పరికరాలు పెద్దఎత్తున విస్తరించింది చైనాలో. 1995లో అక్కడ జాతీయ స్థాయి ప్రజా వ్యాయామ కార్యక్రమం చేపట్టిన తర్వాత వీధి కూడళ్లలో, నివాస ప్రాంతాల్లో వీటిని నెలకొల్పారు. వీటి భద్రత కోసమే 2003లో ఆ దేశం జీబీ 19272 ప్రమాణాన్ని తెచ్చి, 2011లో సవరించింది. యూరప్ దేశాలు 2015లో ఈఎన్ 16630 పేరిట ప్రమాణం రూపొందించుకున్నాయి. మన దగ్గర 2015లో మొదలైన అమృత్ పథకంలో పట్టణ ఉద్యానవనాలకు చోటు దక్కింది. తెలంగాణలో 2020 నుంచి పల్లె ప్రకృతి వనాలు, 2022 నుంచి క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. పచ్చదనం పెరిగిన కొద్దీ ఓపెన్ జిమ్‌ల మీద మోజూ పెరిగింది. పరికరాల రూపం వచ్చినంత తేలికగా వాటి వెనుక ఉన్న లెక్క మాత్రం రాలేదు.

ఏడాదికి 26 లక్షల ఊపులు

ఎయిర్ వాకర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. మీటరు పొడవున్న లోలకం ఒకసారి ముందుకు వెళ్లి వెనక్కి రావడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. అంటే గంటకు 1,800 ఊపులు. ఉదయం, సాయంత్రం కలిపి రోజుకు 4 గంటలు వాడినా 7,200. ఏడాదికి 26 లక్షల పైచిలుకు. ఇళ్లలో ఒకరిద్దరు వాడుకునే వ్యాయామ యంత్రం జీవితకాలమంతా చూడనన్ని ఊపులను ఉద్యానవనంలోని కీలు కొద్ది నెలల్లోనే చూస్తుంది. అదీ ఎండలో ఎండుతూ, వానలో నానుతూ, దుమ్ము మింగుతూ.

భారం సంగతి మరీ విడ్డూరం. మనిషి నిలబడే పలక కీలుకు సరిగ్గా కింద ఉండదు, పక్కకు జరిగి ఉంటుంది. 80 కిలోల వ్యక్తి ఒక పలకపై నిలబడ్డాడని, ఆ పలక దగ్గరి బేరింగు నుంచి 20 సెంటీమీటర్లు పక్కగా ఉందని అనుకుందాం. ఇరుసు మీది రెండు బేరింగుల మధ్య ఎడం 6 సెంటీమీటర్లే అయితే, తులాదండం లెక్క ప్రకారం పలక వైపు బేరింగుపై దాదాపు 347 కిలోల భారం పడుతుంది. అదే ఎడాన్ని 15 సెంటీమీటర్లకు పెంచితే 187 కిలోలకు దిగుతుంది. మనిషి మారలేదు, పైపు మారలేదు, బేరింగు ధరా మారలేదు. ఒక గొట్టం 9 సెంటీమీటర్లు పొడవు పెరిగింది, అంతే. ఇరుసును ఒకే వైపు పట్టి ఉంచకుండా రెండు చివరలా ఆధారం ఇస్తే ఇంకా మేలు. ఎడ్లబండి చక్రం, బావి గిలక చూసిన రైతుకు ఈ విషయం ఇంజినీరు చెప్పనక్కర్లేదు. గిలకను ఒంటి కొయ్యకు ఎవరూ బిగించరు.

ఊపు పెరిగితే భారం మరింత పెరుగుతుంది. నిట్టనిలువు నుంచి 60 డిగ్రీల ఎత్తుకు వెళ్లిన లోలకం అడుగుకు దిగేసరికి కీలుపై పడే లాగుడు బరువుకు రెట్టింపు అవుతుంది. పెద్దలు అంత ఎత్తున ఊగరు. పిల్లలు ఊగుతారు. బడి వదలగానే ఎయిర్ వాకర్‌ను ఉయ్యాలగా మార్చేది వాళ్లే. ఊపును ఒక హద్దులో ఆపే రబ్బరు దిమ్మెలు అందుకే తప్పనిసరి. అవి లేని పరికరంలో ఆ దెబ్బ మొత్తం కీలే భరించాలి.

తిరగని చోట తిరిగే బేరింగు

బేరింగు వేశాం కదా అనే సమాధానం గుత్తేదారుల నుంచి వస్తుంటుంది. ఏ బేరింగు అన్నదే అసలు ప్రశ్న. ఫ్యాను, మోటారుల్లో వాడే బంతుల బేరింగు గుండ్రంగా తిరగడానికి పుట్టింది. తిరిగేటప్పుడు గ్రీజు అన్ని వైపులా పరచుకుంటుంది. ఎయిర్ వాకర్‌లో ఇరుసు పూర్తి చుట్టు తిరగదు, అటు 30, ఇటు 30 డిగ్రీలు ఊగుతుంది. 8 బంతులున్న బేరింగులో పక్కపక్క బంతుల మధ్య ఎడం 45 డిగ్రీలు. ఇరుసు మొత్తం 60 డిగ్రీలు ఊగినా బంతి జరిగేది అందులో సగం కంటే తక్కువ. ఫలితంగా ప్రతి బంతీ తన చిన్న దారిలోనే అటూ ఇటూ దొర్లుతుంది. గ్రీజు పక్కలకు నెట్టుకుపోతుంది. భారం ఏళ్ల తరబడి ఒకేచోట పడి గుంటలు ఏర్పడతాయి. కిర్రుమనే శబ్దం ఆ గుంటలదే.

దీనికి తోడు నీరు. రెండు వైపులా రేకు మూతలున్న బేరింగు దుమ్మును కొంత ఆపుతుంది గానీ నీటిని ఆపలేదు. రేకుకు, లోపలి వలయానికి మధ్య సన్నని సందు ఉంటుంది. రబ్బరు సీలున్న రకం మేలు. ఆ రబ్బరును కూడా నేరుగా వానకు వదిలేయకుండా పైన గొడుగులాంటి మూత పెడితేనే మన్నిక.

అసలు బంతుల బేరింగే అక్కర్లేని చోట్లు ఎన్నో. నెమ్మదిగా ఊగే కీలుకు గన్‌మెటల్ బుష్ గానీ, అసిటాల్ వంటి గట్టి ప్లాస్టిక్ బుష్ గానీ సరిపోతుంది. నైలాన్ చౌకే అయినా తేమ పీల్చి ఉబ్బుతుంది. ఎండాకాలంలో సరిగ్గా అమరిన నైలాన్ బుష్ వానాకాలంలో ఇరుసును పట్టేయవచ్చు. ఆ మేరకు ముందుగానే ఖాళీ వదలాలి. ఇరుసు గట్టిది, బుష్ మెత్తది కావాలి. అరిగేది ఏదైనా అరుగుతుంది. చవకైన, విప్పి మార్చదగిన భాగం అరిగేలా ముందే నిర్ణయించడమే రూపకల్పనలోని నేర్పు.

పట్టణాల్లోని వెల్డింగు షాపుల్లో జరిగే మరో పొరపాటును కూడా చెప్పుకోవాలి. బేరింగు కూర్చునే గొట్టాన్ని ముందు నునుపు పట్టి, తర్వాత చట్రానికి వెల్డింగు చేస్తే ఆ వేడికి గొట్టం వంకరపోతుంది. బేరింగు మొదటిరోజు నుంచే నలుగుతుంది. వెల్డింగు పూర్తయ్యాకే లోపలి కొలత తీర్చాలి. బేరింగు లోపల ఉండగా వెల్డింగు చేస్తే విద్యుత్తు బంతుల గుండా పారి దారులనే కాల్చేస్తుంది. మొరాయించిన కీలును విప్పలేక, కదలకుండా వెల్డింగు పెట్టేసే ‘మరమ్మతు’ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

ఊరి మధ్యే ఉంది జవాబు

ఇన్ని సమస్యలున్న కీలు మన పల్లెలకు కొత్తేమీ కాదు. బోరింగు పిడి చేసేది అదే పని. ఆరుబయట ఉంటుంది, ఊరంతా కొడుతుంది, పూర్తిగా తిరగకుండా పైకీ కిందికీ ఊగుతుంది. బోర్లు తవ్విన తొలి రోజుల్లో వాటికి పోత ఇనుప పంపులు బిగించారు. విదేశాల్లో ఒక్కో కుటుంబం వాడకానికి రూపొందిన ఆ నమూనాలు ఊరంతటి వాడకాన్ని తట్టుకోలేక తరచూ విరిగిపోయాయి. 1970 దశకంలో మహారాష్ట్రలోని షోలాపూర్ పంపు నమూనా ఆధారంగా కేంద్ర ప్రభుత్వం, యూనిసెఫ్, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రూడాస్ సంస్థ కలిసి ఇండియా మార్క్-2 పంపును తయారుచేశాయి.

దాని పిడి దగ్గర ఏముందో గమనిస్తే ఓపెన్ జిమ్‌లో ఏం లేదో తెలుస్తుంది. రెండు బంతుల బేరింగులు, వాటి మధ్య ఎడం చెదరకుండా ఒక గొట్టపు ముక్క, గట్టి ఇరుసు, రెండు చివరలా ఆధారం, ఊడకుండా జంట నట్లు, వాననీరు తగలకుండా పైన పెట్టె. ఇదీ ఊగే కీలే కాబట్టి బంతులు ఒకేచోట దొర్లే బెడద దీనికీ ఉంది. బేరింగు సామర్థ్యంతో పోలిస్తే పడే భారం మితంగా ఉండటం, నీరు చేరకపోవడం, విప్పి మార్చే వీలుండటం దాన్ని కాపాడాయి. అంతకంటే ముఖ్యం, ఐఎస్ 9301 పేరిట భారతీయ ప్రమాణం వచ్చింది. ఏ కంపెనీ తయారుచేసినా కొలతలు ఒకటే. పంపు ఫ్యాక్టరీ దాటకముందే తనిఖీ చేసే పద్ధతి వచ్చింది. ఒక ఊరి పంపు ఇరుసు మరో ఊరి పంపుకు సరిపోయింది. ఓపెన్ జిమ్ పరికరం పాడైతే ఆ కంపెనీ విడిభాగం కోసం వెతుక్కోవాల్సిన దుస్థితితో దీన్ని పోల్చి చూడాలి.

వేలు దూరే సందు

మన్నిక లేకపోతే డబ్బు పోతుంది. భద్రత లేకపోతే వేలు పోతుంది. కదిలే చేయి స్థిరమైన స్తంభం పక్కనుంచి దాటే ప్రతిచోటా కత్తెర ఉన్నట్లే. కూర్చుని లాగే చెస్ట్ ప్రెస్, కాళ్లతో నెట్టే లెగ్ ప్రెస్‌లలో సీటు వెనుక ఈ కత్తెర దాగి ఉంటుంది. సీటుపై ఉన్నవారికి అది కనిపించదు. వెనుక నిలబడి చూసే పిల్లవాడి చేయి మాత్రం సరిగ్గా అక్కడికే వెళ్తుంది.

యూరప్‌లో పిల్లల ఆట పరికరాలకు వర్తించే ఈఎన్ 1176 ప్రమాణం వేలు ఇరుక్కునే సందులను 8, 25 మిల్లీమీటర్ల కడ్డీలతో పరీక్షిస్తుంది. వేలు దూరనంత ఇరుకుగా ఉండాలి, లేదా దూరినా చిక్కుకోనంత వెడల్పు ఉండాలి. మధ్యస్థంగా ఉంటేనే ముప్పు. కదిలే కీలు విషయంలో చిక్కేమిటంటే, ఆగి ఉన్నప్పుడు 40 మిల్లీమీటర్లున్న సందు ఊపు చివర 10కి దిగవచ్చు. అందుకే కదలిక మొదటి నుంచి చివరి దాకా కొలవాలి. బుష్ అరిగిన కొద్దీ ఈ సందు మారిపోతుందన్నదీ మరవరాదు. పరికరం కొత్తగా ఉన్నప్పుడు సురక్షితమైన కీలు, అరిగాక వేలిని పట్టే ఉచ్చుగా మారవచ్చు. మన్నికా, భద్రతా వేర్వేరు పద్దులు కావనడానికి ఇదే రుజువు.

ఈఎన్ 16630 ప్రమాణం ఈ పరికరాలను 1,400 మిల్లీమీటర్లకు మించి ఎత్తున్నవారి కోసమే ఉద్దేశించింది. అంటే నాలుగున్నర అడుగులు దాటినవారికి. మన ఉద్యానవనాల్లో ఆట స్థలమూ, వ్యాయామ స్థలమూ పక్కపక్కనే ఉండటం పరిపాటి. బోర్డు పెట్టినంత మాత్రాన పిల్లలు ఆగరు. కీలును మూతతో కప్పడమే నమ్మదగిన కాపలా.

వయోవృద్ధుల ముప్పు వేరు. ఊపుకు వదులైపోయే సాధారణ నట్టు రోజుకో పిసరు చొప్పున జరిగి ఒకనాడు ఊడిపోతుంది. పలక ఒక్కసారిగా కిందికి జారితే పట్టు తప్పి పడేది అరవై దాటినవారైతే తుంటి ఎముకకే దెబ్బ. లోపల నైలాన్ వలయమున్న నట్టు, లేదా అడ్డంగా చీలిక పిన్ను ఉన్న నట్టు దీన్ని నివారిస్తుంది. నైలాన్ నట్టును ఒకసారి విప్పితే మళ్లీ అదే బిగించకుండా కొత్తది వేయాలి. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ వంటి ఉప్పుగాలి ప్రాంతాల్లో మామూలు బోల్టులు తుప్పు పట్టి కరుచుకుపోతాయి గనుక మాలిబ్డినం కలిసిన 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అవసరం. అది జింకు పూత భాగాన్ని నేరుగా తాకకుండా ప్లాస్టిక్ వాషర్ వేయాలి. లేకుంటే తేమ తగిలినప్పుడు ముందు జింకు పూతే కరిగిపోతుంది.

టెండరులో చేరాల్సిన మాటలు

కొనుగోలు పత్రాల్లో పైపు వ్యాసం, మందం, పౌడర్ కోటింగ్, పునాది లోతు వంటివి రాయడం, కొలవడం తేలిక. టేపు పెట్టి చూడవచ్చు. కీలు లోపల ఉంటుంది కాబట్టి కంటికీ, టేపుకూ అందదు. బిల్లు చెల్లించే ముందు ఒక్కో రకం పరికరంలో ఒక కీలునైనా విప్పి చూపించాలన్న షరతు పెడితే సగం సమస్య అక్కడే తేలుతుంది. బేరింగు సంఖ్య, సీలు రకం, బేరింగుల మధ్య ఎడం, ఇరుసు లోహం, ఊపు హద్దు, కనీస సందు పత్రంలో ఉండాలి. బజారులో దొరికే సాధారణ కొలతల బేరింగులే వాడాలనడం మరీ ముఖ్యం. బోరింగు పిడిలో వాడే 6204 రకం, అంటే 20 మిల్లీమీటర్ల ఇరుసుకు సరిపోయేది, దాదాపు ప్రతి పట్టణంలోనూ కొన్ని వందల రూపాయలకు లభిస్తుంది.

నెలకోసారి పరీక్షకు పెద్ద చదువు అవసరం లేదు. పలకను పక్కకు కదిపి చూడాలి, ఊపి శబ్దం వినాలి, కీలు కింద ఎర్రని తుప్పుపొడి రాలిందేమో గమనించాలి. పొడి కనిపిస్తే లోపల లోహం అరుగుతున్నట్లే. ఆ రోజే పరికరాన్ని గొలుసుతో కట్టేయాలి. బండి ఇరుసుకు కందెన పెట్టాకే ఎడ్లు కట్టిన ఊళ్లలో ఈ మాత్రం చూపు కరవు కాదు. బోరింగులు బాగుచేసే మెకానిక్కులు చాలా మండలాల్లో ఉన్నారు. వారికి ఈ కీళ్ల బాధ్యత కూడా అప్పగించవచ్చు. అయితే దొంగల భయంతో కొన్ని పరికరాలకు ప్రత్యేక తలల బోల్టులు బిగిస్తుంటారు. మామూలు పానాకు అవి లొంగవు. వాటిని విప్పే పనిముట్టు, కనీసం రెండు జతల విడి బేరింగులు గుత్తేదారు ఆఖరి బిల్లు అందుకోకముందే పంచాయతీ కార్యాలయం బీరువాలోకి చేరాలి.