కూలి చేతికి అందిందా?

మొన్న వొక శనివారం సాయంకాలం, బెంగుళూరులో మా వీధి చివర లేస్తూ వున్న యింటి ముందు పదిమంది కూలీలు మూటలు పెట్టుకుని కూర్చుని వుండగా చూచాము. పాలమూరు మాట చెవిని బడి పలకరించాము. "మూడు వారాల కూలి రావాలె సారూ" అన్నది వొకామె. యజమానిని అడిగితే, కాంట్రాక్టరుకు యెప్పుడో యిచ్చేశానన్నాడు. కొలత ప్రకారం సెంట్రింగు మేస్త్రీకి ముట్టజెప్పానన్నాడు కాంట్రాక్టరు. కొలతలోనే తేడా వుంది, సగమే ముట్టిందన్నాడు మేస్త్రీ. ముగ్గురిలో యెవరూ అబద్ధమాడలేదేమో! అయినా ఆమె చేతిలో మాత్రం పైస లేదు.

మన సంఘంలో కాంట్రాక్టులు చేసేవారున్నారు, యిళ్లు కట్టించేవారున్నారు. కనుక యీ సంగతి మనలో మనం చెప్పుకోవలసిందే. మేస్త్రీకి డబ్బిచ్చినంత మాత్రాన కూలి యిచ్చినట్లు కాదు. కాంట్రాక్టరు యివ్వకపోతే ఆ బాధ్యత పని చేయించుకునే సంస్థ మీద పడుతుందని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన లేబరు కోడ్లలోనూ ఆ సూత్రం నిలిచే వుంది.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడి రోజుకూలి 9 రూపాయల 25 పైసలు. అందులో రూపాయి జమాదారు కమీషను క్రింద పోయేది. కనీస వేతనం కంటె తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అని కోర్టు తేల్చింది. రూపాయే గదా అని వూరుకునే విషయం కాదన్నమాట.

మరి చేయవలసిందేమిటి? పని మొదలుపెట్టక ముందే మేస్త్రీతో కాగితం వ్రాసుకోవాలి. రేటు, కొలత తీసే రోజు, బిల్లు చెల్లించే గడువు, కూలి పంచే రోజు అందులో వుండాలి. కూలీల పేర్లు, బ్యాంకు ఖాతాలు తీసుకోవాలి. మేస్త్రీకి లైసెన్సు, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. నంబర్లు కావలసి వుంటే అవి వున్నవో లేవో అప్పుడే చూడాలి గాని, తనిఖీ వచ్చిన రోజున కాదు.

మస్టరు మీద ప్రతి సాయంకాలం మన మనిషీ, మేస్త్రీ యిద్దరూ సంతకం చేయాలి. వూళ్లో యిచ్చిన అడ్వాన్సు వుంటే అదీ వ్రాతలో వుండాలి. వారం కూలి వారపు సెలవుకు ముందే, నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపల ముట్టాలి. పనిలోనుంచి తీసేసినవారికి రెండు పనిదినాలలో లెక్క తీర్చాలి. వొకే పనికి ఆడవారికొక కూలి, మగవారికొక కూలి అనరాదు. సంక్షేమ నిధిలో చేరడానికి యేడాదిలో 90 రోజులు కట్టడపు పని చేసి వుండాలి. ఆ రోజులకు కూడా మస్టరే సాక్ష్యం.

అన్నిటికంటె ముఖ్యమైనది వొకటుంది. మేస్త్రీ బిల్లులో కూలి భాగాన్ని విడిగా వుంచాలి. కొలతలో తగాదా వస్తే మిగతా సొమ్ము ఆపుకోవచ్చును గాని, కూలి ఆగరాదు. మేస్త్రీ కూడా లక్షాధికారి కాడు. మన చెల్లింపు ఆలస్యమైతే వాడు అప్పు తేవాలి, లేదా కూలీని కోయాలి. సాధారణంగా జరిగేది రెండోదే.

సోమవారం వుదయం ముగ్గురినీ కూర్చోబెట్టాము. మస్టరు యేదంటే లేదన్నారు. అప్పుడామె మమ్మల్ని లోపలికి తీసుకువెళ్లి, పూత పూయని గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు చూపించింది. రోజుకొక గీత, మొత్తం పద్ధెనిమిది. మేస్త్రీ లెక్కపెట్టి తల వూపాడు. యజమాని అందరికీ డబ్బిచ్చి, కాంట్రాక్టరు బిల్లులో పట్టుకున్నాడు.

ఆ గోడకు మరునాడే పూత పడింది. వొక్కరోజు ఆలస్యమైతే ఆమె మాటకు సాక్ష్యం వుండేది కాదు.