అమ్మను అద్దం బయట నిలబెట్టొద్దు

నెలలు నిండకుండా కాన్పు అయ్యిందనగానే బంధువులు అడిగే మొదటి మాట ‘బాక్సులో పెట్టారా?’ అని. బిడ్డ ఎన్‌ఐసీయూలో, బాలింత వార్డులో, తండ్రి బిల్లు కౌంటర్ దగ్గర. ఖరీదైన యంత్రమే కాపాడుతుందన్న నమ్మకంతో మనమూ ఈ ఎడబాటును ప్రశ్నించం.

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఒక ఆసుపత్రికి ఇంక్యుబేటర్లు చాలలేదు. డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా బిడ్డల్ని తల్లుల రొమ్ముపై, ఒంటికి ఒళ్లు తగిలేలా ఉంచమన్నారు. అదే కంగారూ సంరక్షణ. గతిలేక చేసిన ఏర్పాటు కదా, యంత్రాలున్న చోట దాన్ని చిన్నచూపు చూశారు. బిడ్డ కాస్త కుదుటపడ్డాక మొదలుపెడితే చాలనుకున్నారు. కానీ తక్కువ బరువు పిల్లల్లో ఎక్కువమంది చనిపోయేది ఆ మొదటి రోజుల్లోనే.

ఆగకుండా వెంటనే మొదలుపెడితే? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాలతో పాటు మన దేశంలోనూ (ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో) పరీక్షించి చూసింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది పిల్లలు. పుట్టిన వెంటనే తల్లి గుండెలకు చేరి, రోజుకు దాదాపు 17 గంటలు అక్కడే ఉన్నవారిలో 28 రోజుల్లోపు మరణాలు 12 శాతం. మామూలు పద్ధతిలో 15.7 శాతం. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. 2021లో వివరాలు వెలువడ్డాయి.

ఇది వైద్యానికి బదులు కాదు. ఆ ఆసుపత్రుల్లో తల్లి మంచాన్నే ఎన్‌ఐసీయూలోకి తెచ్చారు, చికిత్స యథాతథంగా సాగింది. సొంతంగా ఊపిరి తీసుకోలేని బిడ్డకు, వెంటిలేటర్ మీదున్న బిడ్డకు ఇది వెంటనే కుదరదు. మిగతావారికి పుట్టగానే మొదలుపెట్టాలని, రోజుకు 8 నుంచి 24 గంటలు కొనసాగించాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

అయినా చాలాచోట్ల తల్లిని పాలిచ్చే వేళకే లోపలికి రానిస్తారు. ఇన్ఫెక్షన్ భయమంటారు; నిజానికి ఆ అధ్యయనంలో ఇన్ఫెక్షన్ అనుమానాలు తగ్గాయి. ఇంట్లోనేమో ‘పచ్చి బాలింత, అలసిపోతుంది’ అని పెద్దలు అడ్డుపడతారు. ఆమె అలసిపోతే నాన్న ఉన్నాడు, అమ్మమ్మ ఉంది. వాళ్ల గుండె వెచ్చదనమూ పనికొస్తుంది.

కాన్పుకు ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు ఏసీ గది అద్దెతో పాటు ఇదీ అడగండి: ‘బిడ్డ ముందే పుడితే తల్లిని లోపల ఉండనిస్తారా?’ అందుకు కావలసింది ముందు బొత్తాలున్న వదులు చొక్కా, బిడ్డను చుట్టి కట్టేందుకు మెత్తటి బట్ట, టోపీ, సాక్సులు, డైపరు. అంతే.