కప్పుల్లేని తొమ్మిదేళ్ళకే నా దండం

2018 మే 6. ఇరవై రెండేళ్ళు ఆర్సెనల్‌ని నడిపిన వెంగర్‌కి సొంత మైదానంలో ఆఖరి మ్యాచ్. స్టేడియమంతా లేచి ఒకటే చప్పట్లు. ఏడాది కిందట "వెంగర్ అవుట్" అని విమానానికి బ్యానర్ కట్టి ఎగరేసిందీ ఈ అభిమానులే!

విమర్శించకూడదా అంటే, నిక్షేపంగా విమర్శించండి. 2017లో బయర్న్ వాళ్ళు రెండు మ్యాచుల్లోనూ 5-1తో ఉతికితే ఎవరికైనా మండుతుంది. నాకు మండేది మాత్రం "2005 నుంచి 2014 దాకా ఒక్క కప్పు లేదు, ఏం పీకాడు?" అన్నప్పుడు. అయ్యా, 2006లో 60 వేల సీట్ల కొత్త స్టేడియం కట్టుకున్నారు కదా, ఆ అప్పు ఎవడు మోశాడు? ఆన్రీని, ఫాబ్రెగాస్‌ని, వాన్ పెర్సీని అమ్ముకుంటూ కూడా టీముని ఏటా టాప్ ఫోర్‌లో ఉంచాడు. మొత్తం వరసగా ఇరవై సీజన్లు! నాలుగో స్థానం కూడా ఓ కప్పేనా అని వెక్కిరించారుగా, 2017లో జారిపోయిన ఆ టాప్ ఫోర్ మళ్ళీ దొరికింది 2023లో.

2003-04లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడనందుకు అందరూ థాంక్స్ చెప్తారు, అది తేలికే. (మన ఆఫీసుల్లోనూ అంతేగా, కొత్త ఫీచర్ చేసినవాడికి అవార్డు, పాత సర్వర్ పడిపోకుండా కాసినవాడికి అప్రైజల్‌లో "మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్".)

2017లో ఎఫ్.ఏ. కప్పు గెలిచాక ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టాడు చూడండి, అది మాత్రం శుద్ధ తప్పు. ఆ కప్పు చేత్తో పట్టుకునే ఇంటికెళ్ళిపోవాల్సింది మహానుభావుడు.