ఫోటోలో మనవాళ్లు ఎక్కడ?



కళింగపట్నం వెళ్లిన వారంతా సెల్‌ఫోన్ నిండా ఫోటోలు తెచ్చుకుంటున్నాం. అందులో లైట్‌హౌస్ ఉంటుంది. వంశధార సముద్రంలో కలిసే మొగ ఉంటుంది. ఆ నీళ్లలో నడుం లోతున నిలబడి వల విసిరే మనిషి మాత్రం నల్ల చుక్కలా కనిపిస్తాడు. చరిత్రలోనూ ఆయనది అదే చోటు.

ఏటికి ఎగువనున్న శాలిహుండం బౌద్ధ శిథిలాలను 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చారు. అందుకు గర్విస్తాం. కానీ ఆ స్తూపాలకు ఇటుకలు మోసిన వారి పేరు ఒక్కటీ తెలియదు. ఒకప్పుడు ఈ రేవులో ఓడలకు బస్తాలెత్తిన కూలీల సంగతీ అంతే. రేవు మూతపడింది, వారి జాడా పోయింది.

మన తీరం వాళ్లు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస పోతున్నారు. 2018లో అలా వెళ్లిన కొందరు పాకిస్తాన్ జైలు పాలయ్యారు. వారిలో ఎక్కువమంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అప్పుడు వారి ఫోటోలు పేపర్లలో పడ్డాయి. కష్టం వస్తేనే మనవాళ్లకు ఫోటోనా?

స్తూపాన్ని తీయండి, వద్దనం. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న తాతనూ తీయండి. అడిగి తీయండి. వెనుక పేరు, ఊరు, తేదీ రాయండి. ఒక కాపీ ఆయన చేతికివ్వండి. ఇంకొకటి వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్ గోడకు అతికిద్దాం. మన ముత్తాతల ఫోటోలు మన ఇళ్లలో లేవు. మన మనవలకు ఆ లోటు రానివ్వకూడదు.